పిల్లల పలుకులోని లోపములు – తెలుగు ఉపాధ్యాయుని పరిశీలన

పాఠశాలలో నొక పిల్లవాడు నోరు విప్పనప్పుడు, విప్పినను వాని మాట తోడివారి మాటవలె లేనప్పుడు, ఉపాధ్యాయుడు తఱచుగా రెండు తీర్పులలో నొకదానిని చెప్పుచుండును. "వీనికి బుద్ధి చాలదు" అనునది యొకటి. "వీని యింటి మాటయే యంత" అనునది మఱియొకటి. మొదటి తీర్పువలన చెవి సరిగా వినబడని పిల్లవాడు మందమతి యను పేరు మోసి వెనుక బల్లమీదికి పోవును. అచ్చట వానికి మఱింత తక్కువగా వినబడును. రెండవ తీర్పువలన నిజముగా సాయము కావలసిన పిల్ల, పల్లెటూరి పిల్ల యను మాట చాటున నాలుగైదేండ్లు గడపి, పై తరగతులకు వచ్చుసరికి చదువుపై ఆశ వదలుకొనును. వీనికి తోడు, ఏ లోపమును లేని పిల్లలు కేవలము తమ యూరి తెలుగు మాటలాడినందున లోపము గలవారిగా నెంచబడుటయు కలదు.

ఈ మూడు పొరపాట్లకును మూలమొక్కటియే. పిల్లవాని పలుకును మనము పాఠ్యపుస్తకపు భాషతో పోల్చుచున్నాము. పోల్చవలసినది వాని తల్లి పలుకుతో, వాని యన్నదమ్ముల పలుకుతో, వాని వాడలోని వాని యీడు పిల్లల పలుకుతో. ఈ పోలికకు కావలసిన జ్ఞానము, అనగా వర్ణోత్పత్తి, మాండలిక భేదములు, వాక్యనిర్మాణము మొదలగువాని యెఱుక, వైద్యునికంటె తెలుగు ఉపాధ్యాయునికే సన్నిహితమైనది. వైద్యుని పని వైద్యునిదే. కాని యెవరిని వైద్యుని యొద్దకు పంపవలెనో, ఎవరిని పంపనక్కరలేదో మొదట తేలవలసినది తరగతిలో. ఆ దృష్టితో ఈ విషయమును పరిశీలింపదలచినాము.

మన భాషలో ఈ లోపములకు పేర్ల కఱవు లేదు. మాట తడబడి ఆగి ఆగి వచ్చినచో నత్తి. అక్షరములు స్ఫుటముగా రానిచో నంగి. నోట నేదో పెట్టుకొన్నట్లున్నచో ముద్దమాట. గాలి ముక్కునుండి పోయినచో ముక్కుమాట. గొంతు చెడినచో బొంగురు. మాటలు ఆలస్యమైన బిడ్డ నాలుకకు వసకొమ్ము అరగదీసి రాయుట తెలుగునాట చిరకాలపు ఆచారము. గలగల మాటలాడు పిల్లను వసపిట్ట యనుట ఆ నమ్మకమునకు సంబంధించినదే. అయితే ఈ పేర్లన్నియు చెవికి తెలియు లోపములకే యున్నవి. చెప్పినది బోధపడకపోవుటకు, తలచినది వాక్యముగా కూర్చలేకపోవుటకు ప్రత్యేకమైన పేరు వాడుకలో లేదు. పేరు లేనిది కంటబడదు; దానికి "మొద్దు" అను తిట్టే దక్కుచున్నది. దీనికి విరుద్ధముగా "మూగ" యను పేరు మితిమీరి వాడబడుచున్నది. మూగ యని పిలువబడు పిల్లలలో పెక్కుమందికి కంఠమున గాని నాలుకయందు గాని ఏ కొఱతయు నుండదు. వినబడలేదు గనుక మాట రాలేదు.

ఉచ్చారణ లోపములను గుర్తించుటకు మన వర్ణమాలను మించిన పటము లేదని మా యభిప్రాయము. పాణినీయ శిక్ష వర్ణములకు ఉరస్సు, కంఠము, శిరస్సు, జిహ్వామూలము, దంతములు, నాసిక, ఓష్ఠములు, తాలువు అని యెనిమిది స్థానములు చెప్పినది. మన బడిపిల్లలు వల్లెవేయు కవర్గాదులలో అడ్డు వరుస స్థానమును, నిలువు వరుస ప్రయత్నమును తెలుపును. పిల్లల తప్పులు చెల్లాచెదరుగా నుండవు; ఈ పటములో అడ్డముగనో నిలువుగనో ఒక క్రమమున నడచును. ఆ క్రమమును పట్టుకొన్నవానికి సగము సంగతి తెలిసినట్లే.

"కాకి"ని "తాతి" యనియు, "కుక్క"ను "తుత్త" యనియు పలుకు బిడ్డ కవర్గమును మొత్తముగా తవర్గములోనికి జరిపినాడు. మూడేండ్లవాని నోట నిది ముద్దుమాట. సామాన్యముగా నాలుగేండ్లు నిండునప్పటికి తనంత తానే పోవును. ఒకటవ తరగతిలో నింకను నిలిచియున్నచో దానిని ముద్దు చేయుట తగదు. రేఫ సంగతి వేఱు. "రాముడు" "లాముడు" అగుట, "కఱ్ఱ" "కల్ల" అగుట మఱికొంత కాలము సాగును. కొందఱికి బడిలో చేరిన తరువాత గాని రేఫ కుదురుకొనదు. దానికై ఐదేండ్ల బిడ్డను నిలువబెట్టి పదిమంది యెదుట పదే పదే పలికించుట వలన రేఫ రాదు, సిగ్గు మాత్రము వచ్చును.

నిలువు వరుసలలో ఐదవది అనునాసికములది. ఒక పిల్లవాడు మ, న లను చక్కగా పలికి, ప, ట, క, స లను పలుకబోవునప్పుడు మాత్రము గాలి ముక్కునుండి వెడలి అవి మసకబాఱినచో, తప్పు నాలుకది కాదు. మెత్తని అంగిలి నాసికామార్గమును పూర్తిగా మూయుటలేదని గ్రహింపవలెను. గ్రహణమొఱ్ఱికి శస్త్రచికిత్స జరిగిన కొందఱు పిల్లలలో నిది కనబడును. పెదవి చక్కగా నుండి, అంగిలి లోపలి కండరము మాత్రమే చీలియుండి, పైకేమియు తెలియని సందర్భములును కలవు. "పాప", "కాకి", "చీటి" వంటి అనునాసికములు లేని మాటలు పలికించుచు ముక్కు క్రింద చిన్న యద్దము పట్టినచో, ఇట్టివారి విషయమున అద్దముపై ఆవిరి కమ్మును. వీరిచేత ఎన్ని మాఱులు వల్లెవేయించినను ఫలముండదు, వైద్యునికి చూపవలెను. గ్రహణమునాడు గర్భిణి చేసిన పనివలన ఈ మొఱ్ఱి వచ్చునను నమ్మకము పేరులోనే నిలిచిపోయినది. అది తల్లిమీద లేనిపోని నింద మోపునది గనుక పిల్లల యెదుట ఆ ప్రస్తావన రాకుండ చూచుట మంచిది.

ఇక రెండవ, నాలుగవ నిలువు వరుసలు, అనగా ఒత్తక్షరములు. "భారతము"ను "బారతం", "ధనము"ను "దనం", "కథ"ను "కత" యను పిల్లవాని విషయమున ఏ లోపమును వెదకనక్కరలేదు. అచ్చతెనుగున మహాప్రాణములు లేవు. సంస్కృతపదములతో వచ్చి చేరినవి. "కత" తద్భవముగా నిఘంటువుల కెక్కిన మాట. ఆ పిల్లవాడు తన భాషను తన పూర్వులవలెనే పలుకుచున్నాడు. మహాప్రాణము నేర్పవలసినదే, కాని దానిని క్రొత్త పాఠముగా నేర్పవలెను. లోపమునకు చికిత్సగా కాదు.

మాండలికములయందును ఇంతే. ఉత్తర కోస్తాలో పెక్కు కుటుంబములలో ళ, ణ లు ల, న లుగా వినబడును: "నీల్లు", "పెల్లి". "శంకరుడు" "సంకరుడు" అగుట, "వెళ్ళు" "ఎల్లు" అగుట, "వేలు" "యేలు" అగుట అనేక ప్రాంతముల వాడుక. క్రియారూపములలో "వచ్చాడు", "వచ్చినాడు", "వచ్చిండు" మూడును మూడు సీమల సాధురూపములు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటమును తిరుగవేసినవారికి, ఒక్క వ్యవసాయమునకు సంబంధించిన పనిముట్లకే ప్రాంతము మాఱిన కొలదియు పేర్లు ఎట్లు మాఱునో విదితమే. పిల్లవాడు చెప్పిన మాట ఉపాధ్యాయునికి తెలియనంత మాత్రమున పిల్లవానికి పదసంపద తక్కువ యనుట ఎట్లు?

ఒక్క యుదాహరణము చాలును. ఒక తరగతిలో నిద్దఱు పిల్లలున్నారనుకొందము. ఒకడు "సదువు" అనును. రెండవవాడు "తదువు" అనును. ఎఱ్ఱసిరా కలము రెంటిని ఒకే తీరున కొట్టివేసి "చదువు" అని దిద్దును. కాని మొదటివాని తల్లియు, మేనమామయు, వాని వాడలోని వారందఱును "సదువు" అనువారే; వాని స, చ లు వాని వాడలో నెట్లుండవలెనో అట్లే యున్నవి. రెండవవాని పలుకు ఇంటను లేదు, పుస్తకమునను లేదు. వాని చెల్లెలు వానికన్న చిన్నదయ్యును "సదువు" అనుచున్నది. పరిశీలింపవలసినవాడు రెండవవాడు. ఆ స వానికి నాలుకకు లొంగుటలేదా, లేక చెవికి సోకుటయే లేదా యనునది తరువాతి ప్రశ్న. మొదటివానిని చికిత్సకు పంపుట హాస్యాస్పదము; రెండవవానిని మాండలికమని విడిచిపెట్టుట అన్యాయము. ఈ రెండు పనులను చేయకుండుటకు కావలసినది ఇంటివారితో పావుగంట సంభాషణ మాత్రమే.

ఇంటి భాష తెలుగే కానప్పుడు ఈ విచక్షణ మఱింత యవసరము. సవర, కోయ, గోండి, కొలామి, కువి, లంబాడీ మాటలాడు పిల్లవాడు తెలుగు బడిలో మొదటి నెలలు మౌనముగా నుండుట సహజము, వినుచు నేర్చుకొనుచున్నాడు. ఆంగ్ల మాధ్యమమున చేరిన తెలుగు పిల్లవానికిని ఇట్టి మౌనమే కలుగును. ఇంటి దగ్గఱ తన భాషలో ఈడుకు తగినట్లు మాటలాడువానికి భాషాలోపము లేదు. లోపమే యున్నచో అది రెండు భాషలలోను కనబడవలెను. "ఇంట తల్లిభాష మాని బడి భాషే మాటలాడుడు" అని తల్లిదండ్రులకు చెప్పు సలహాకు శాస్త్రాధారము లేదు. రెండు భాషలవలన మాట ఆలస్యమగునను మాటకును లేదు. ఆ సలహాను పాటించిన యింట బిడ్డతో మాటలాడువారే కఱవగుదురు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడి ప్రాంతపు సవరపిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసి బడులు పెట్టించినది ఈ సత్యము నెఱిగియే. ఆ కొండలలో తిరిగి మలేరియా తగిలి, క్వినైను వాడకమువలన ఆయనకు చెముడు వచ్చినది. పిల్లల పలుకుకై పాటుపడిన ఆ మహనీయుని చెవి ఆ కృషికే బలియైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించుట ఆయన త్రోవనే.

చెవి సంగతి మేము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. పుట్టుచెవుడు ఇంటివారికి బడికి రాకమునుపే తెలియును. బడిలో దాగియుండునది కొద్దిపాటి చెముడు. జలుబుతో, చీముతో చెవి కాఱుట మన పిల్లలలో సర్వసామాన్యము. అట్టి సమయమున వినికిడి తగ్గును, తగ్గినప్పుడు తిరిగి వచ్చును, మరల తగ్గును. ఒకనాడు చురుకుగా నుండి మఱునాడు మందముగా నుండు పిల్లవానిని ఉపాధ్యాయుడు "మనసుంటే చేస్తాడు" అని యాక్షేపించును. ఉక్తలేఖనమున స, శ, చ లు తాఱుమాఱగుట, పేరు పెట్టి వెనుకనుండి పిలిచిన పలుకకపోవుట, ముఖము చూచినగాని గ్రహింపకపోవుట, ఒక చెవిని ముందునకు త్రిప్పుట, పక్కవాని పలకను చూచి పని మొదలుపెట్టుట – ఇవి చెవిని శంకింపవలసిన గుర్తులు. డేనియల్ లింగ్ అను విద్వాంసుడు ఏర్పఱచిన ఆఱు ధ్వనుల పరీక్ష ఉపాధ్యాయులకు సులభసాధ్యము: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. నోటికి కాగితము అడ్డము పెట్టుకొని, సమానము కాని విరామములతో ఒక్కొక్క ధ్వనిని మామూలు గొంతుతో పలుకవలెను. పిల్లవాడు విన్న ప్రతిసారియు చేయి ఎత్తవలెను, లేదా తిరిగి పలుకవలెను. ఈ యాఱును మానవభాషా ధ్వనుల మంద్రస్థాయి మొదలు తారస్థాయి వఱకు వ్యాపించియున్నవి. ఊ, మ్ విని, ష్, స్ విననివాని పలుకులో ఊష్మములు లేకుండుటలో వింత యేమి? ఈ పరీక్షలో గెలిచినంత మాత్రమున చెవి నిర్దోషమని చెప్పరాదు. ఓడినచో మాత్రము ఆడియోమీటరు పరీక్షకు పంపుటలో జాగు చేయరాదు.

అట్టి బిడ్డకు తరగతిలో చేయదగినది ధనవ్యయము లేనిది. ముందు బల్లమీద, మంచి చెవి ఉపాధ్యాయుని వైపుండునట్లు కూర్చుండబెట్టవలెను. నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచు పాఠము చెప్పు నలవాటు మానవలెను. ఈ అలవాటు విశ్వవిద్యాలయములయందును లేకపోలేదు. కిటికీకి వీపు పెట్టి నిలిచినచో ముఖముపై నీడపడి పెదవులు కనబడవు.

నోరును చెవియు బాగుండి, భాషయే కుదురుకొనని పిల్లలు కొందఱు కలరు. అమెరికాలోని అయోవా రాష్ట్రమున జరిగి 1997లో ప్రకటింపబడిన పరిశీలనలో బడిలో చేరు యీడు పిల్లలలో నూటికి సుమారు ఏడుగురికి ఇట్టి యిబ్బంది కనబడినది. తెలుగు పిల్లలకు ఆ సంఖ్య అట్లే వర్తించునని చెప్పరాదు. నలుబదిమంది గల తరగతిలో ఒకరిద్దఱైన నుందురని తలచి వెదకుట మాత్రము యుక్తము. ఆంగ్లభాషా దేశముల నిపుణులు 2017లో ఏకాభిప్రాయమునకు వచ్చి, ఇతర కారణము కనబడని ఇట్టి స్థితికి డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అను పేరును స్థిరపఱచిరి. భాషావికాస లోపమని మనము చెప్పుకొనవచ్చును.

దీనిని పట్టించునది కథ. పిల్లవానికి తెలిసిన కథనే చెప్పుమనవలెను. తెలుగు పిల్లవాడు కథ చెప్పునప్పుడు క్త్వార్థకములను దారమువలె వాడును: పోయి, చూచి, తీసుకొని, వచ్చి అని పనులను గుచ్చి, సమాపకక్రియతో ముడివేయును. ఐదాఱేండ్లవానికి ఇది అలవోకగా వచ్చుట మేము పల్లెబడులలో గమనించినాము. భాష కుదురుకొననివాడు తునకలుగా చెప్పును. ప్రతి తునకకును "అప్పుడు" చేర్చును. ఎవరు ఎవరినేమి చేసిరో విభక్తులు తెలుపవు. పేరు తోచక "అది", "ఇది", "అదే" అని చేతితో చూపును. "పుస్తకము మూసి, పలక తీసి, నిన్నటి లెక్క చేయుము" అన్నచో పలక మాత్రము తీసి కూర్చుండును. చివరి మాటయో నడిమి మాటయో వానికి చిక్కినది. వాడు అవిధేయుడు కాడు. ఒక్కొక్క మాటగా విడదీసి చెప్పినచో మూడు పనులును చేయును. ఇట్టివానికి పాఠములోని క్రొత్తమాటలను పాఠమునకు ముందే వస్తువులతో, బొమ్మలతో పరిచయము చేయుట, ప్రశ్నవేసిన పిదప పది లెక్కించునంతసేపు వేచియుండుట మేలు చేయును. తప్పు పలికినప్పుడు "తప్పు" అనక, సరియైన రూపమును మాటలోనే తిరిగి యీయవలెను. "తాతి ఎగిరింది" అన్న బిడ్డకు "అవును, కాకి ఎగిరింది, చెట్టుమీద వాలింది" అని బదులిచ్చిన చాలును. మన తల్లులు ఏ శాస్త్రమును చదువకయే ఈ పని చేయుచున్నారు.

నత్తిని గూర్చి నమ్మకములు మెండు. వెక్కిరించినవారికి నత్తి వచ్చునని పల్లెలలో అందురు. అది నిజము కాదు గాని, వెక్కిరింతను కొంతవఱకు ఆపునది గనుక ఆ నమ్మకముతో మాకు పెద్దగా తగవు లేదు. నత్తి సామాన్యముగా రెండు, ఐదేండ్ల నడుమ పొడచూపును. నూటికి ఐదుగురు పిల్లలకు కలిగి, వారిలో ఎక్కువమందికి పోవును. సుమారు నూటికొకరికి నిలుచును. నిలిచినవారిలో మగవారు అధికులు. వంశపారంపర్యము దీనిలో పాలు గలది. భయము దీనిని పెంచును గాని పుట్టింపదు. "నెమ్మదిగా చెప్పు", "ఊపిరి పీల్చుకో" అను హితవాక్యములు పిల్లవాని దృష్టిని మరల తన నాలుకపైకే మఱల్చును. వాక్యమును మనము పూరించుట అంతకన్నను చెడ్డది. నత్తిగల పిల్లవానికి తరగతిలో అన్నిటికంటె కఠినమైన ఘట్టము పాఠము కాదు, హాజరుపట్టిక. అచ్చట పలుకవలసిన మాట ముందే నిర్ణీతము, మార్చుటకు వీలులేదు, తనవంతు వచ్చుచున్నదని వరుసలో తెలియుచుండును. చేయి ఎత్తినను హాజరు వేయుదునని తరగతికంతకును ఒకే నియమము చేసిన ఉపాధ్యాయుడు ఎవరి పేరును ఎత్తకయే మేలు చేసినవాడగును. నలుగురితో కలిసి పద్యము చదువునప్పుడు, పాడునప్పుడు నత్తి చాలవఱకు మాయమగును. మన తెలుగు తరగతిలో పద్యపఠనమునకు ఉన్న యెడము ఈ పిల్లలకు వరమే.

చట్టము విషయము క్లుప్తముగా చెప్పుదుము. 1995 నాటి వికలాంగుల చట్టమున వాగ్భాషా వైకల్యము ప్రత్యేకముగా లేదు. 2016 నాటి చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో అది చేరినది. అయితే ఆ నిర్వచనము స్వరపేటిక తొలగింపు, అఫేసియా వంటి కారణములచే కలిగిన శాశ్వత వైకల్యమును ఉద్దేశించినది; పిల్లల వికాసమున కలుగు అఫేసియా అభ్యసన వైకల్యముల క్రింద పేర్కొనబడినది. వినికిడి విషయమున రెండు చెవులలోను 60 డెసిబెల్సు లోపమున్నగాని చట్టము లెక్కింపదు. పంకాల చప్పుడును, వీధి రొదయు నిండిన తరగతిలో అందులో సగము లోపమే పాఠమును మింగివేయును. కావున మేము ఇంతవఱకు చెప్పిన పిల్లలలో పెక్కురికి ధ్రువపత్రము రాదు. ధ్రువపత్రము లేదని ముందు బల్లను నిరాకరింపరాదు గదా. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 18 ఏండ్లలోపు పిల్లలను పరీక్షించుటకు ఏర్పడినది. దాని వైద్యబృందము బడికి వచ్చునాడు ఉపాధ్యాయుడు పేర్లు సిద్ధముగా నుంచుకొనవలెను. మండలములలోని భవిత కేంద్రములు, సికిందరాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రము ఆశ్రయింపదగినవి.

పంపునప్పుడు "సరిగా మాట్లాడడు" అని ఒక ముక్క వ్రాసి పంపుట వలన ప్రయోజనము లేదు. పిల్లవాని వయస్సు, ఇంటి భాష, ఊరు, చెవి కాఱిన చరిత్ర, ఏ వర్ణమునకు బదులు ఏ వర్ణము వచ్చుచున్నది, అది మాట మొదటనా నడుమనా, తోబుట్టువుల పలుకు ఎట్లున్నది అనునవి వ్రాయవలెను. వీనితో బాటు పిల్లవాడు చెప్పిన కథలోని పది వాక్యములను వాడు పలికినవి పలికినట్లుగా, ఒక్క యక్షరమైనను దిద్దక వ్రాయవలెను. దిద్దుట వృత్తిగా గల మనకు ఇది కష్టమైన పనియే. పరిశోధక విద్యార్థులు ఈ పనిని శ్రీకాకుళమునుండి అనంతపురము వఱకు, ఆదిలాబాదునుండి నెల్లూరు వఱకు, లోపము లేని పిల్లల విషయమునను చేయవచ్చును. శ్రీకాకుళపు నాలుగేండ్ల బిడ్డ రేఫను ఎప్పుడు పట్టుకొనునో, పాలమూరు బిడ్డ "వచ్చిండు", "వచ్చింది" అను భేదమును ఏ యేట నేర్చునో లిఖితమై యున్ననాడు, చికిత్సకుడు ఆంగ్లపు కొలబద్దతో గాక ఆ సీమ పిల్లల కొలతతోనే తన యెదుటనున్న బిడ్డను కొలువగలుగును.